హాజరు పలికిన అప్పలరాముడు

1975వ సంవత్సరం నవంబరు రెండో తేదీ, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలు. స్థలం: బతు బస్తీలో టైలరు బంగారురాజు పాత కొట్టు అరుగు. హాజరైనవారు: తెలుగు బడి పంతులమ్మ జ్ఞానవతి, దుంగల తెప్పల మీద మేస్త్రీగా చేసి ఉద్యోగం విరమించిన గణేశ్వరరావు, జంగ్లీఘాట్ రేవులో చేపలమ్మే కాసులమ్మ, బంగారురాజు భార్య రామలక్ష్మి, తక్కిన పెద్దలు పద్నాలుగు మంది, పిల్లలు ఇరవై ఒక్కరు.

ఇంతవరకూ రాసి జ్ఞానవతి కలం ఆపింది. నోటు పుస్తకంలో ఎడమ పేజీ ఉన్నవారిది, కుడి పేజీ లేనివారిది. లేనివారి పేజీ ఆమె నిన్న రాత్రే నింపి ఉంచింది. చనిపోయినవాళ్లు వేళ తప్పరు కాబట్టి వాళ్ల పేర్లు ముందే రాసుకోవచ్చునని ఆమె అనుభవం.

పోర్ట్‌బ్లెయిర్‌లో శరత్తు అంటూ విడిగా ఏమీ ఉండదు. నైరుతి వాన మూట సర్దుకుని గడప దాటుతుంటే ఈశాన్యపు వాన ఎదురొస్తుంది. ఆ రెండింటికీ నడుమ పది పదిహేను రోజుల తెరిపిలో సమాధుల పండుగ పడుతుంది. తెలుగు సంఘంవాళ్లు పొద్దున్నే శ్మశానానికి వెళ్లి సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి వస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక జ్ఞానవతి నడక మొదలవుతుంది. బతు బస్తీ నుంచి జంగ్లీఘాట్ రేవు దాకా, ఒక్కో చోట ఆగుతూ, అక్కడ బతికి పోయినవాళ్ల కథ చెప్పుకుంటూ సాగే నడక. ఆమె దానికి 'జ్ఞాపకాల నడక' అని పేరు పెట్టింది. ఆ పేరు ఆమె పుస్తకంలోనే ఉండిపోయింది. ఊళ్లో అందరికీ అది దెయ్యాల రౌండే.

ఏడేళ్ల కిందట దాన్ని మొదలుపెట్టడానికి కారణం పిల్లలే. ఇక్కడ పుట్టిన పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు. చదవమంటే మాత్రం వాచకం వైపు చేదుమందు చూసినట్టు చూస్తారు. పుస్తకం దగ్గరికి రాని పిల్లల్ని కథ దగ్గరికి నడిపించాలని ఆమె అనుకుంది. దెయ్యం లేని కథకు వాళ్లు అడుగు కదపరని రెండో వారానికే తెలిసింది. సరే, దెయ్యాలనే పిలిచింది. విశాఖపట్నంలో విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువుకున్న మనిషి కావడంతో వాటికి కూడా ఒక నియమం పెట్టింది. ఇద్దరు సాక్షులు లేని దెయ్యానికి పుస్తకంలో చోటు లేదు. కొండ మీది పాత బంకరులో జపాను సిపాయి ఒకడు మంచినీళ్లు అడుగుతాడని ఒక గొల్లవాడు చెప్పినప్పుడు, రెండో సాక్షి ఎవరని అడిగింది. తన మేక కూడా బెదిరిందన్నాడతను. మేక సాక్ష్యం చెల్లదని ఆమె తేల్చేసింది. ఆ సిపాయి నేటికీ పుస్తకం బయటే దాహంతో ఉన్నాడు.

మరో ఆచారం దానంతటదే అతుక్కుంది. ఖైదీల కాలంలో ఈ దీవుల్లో రోజూ సాయంత్రం పేరు పేరునా హాజరు వేసేవారట. అదే పద్ధతిలో ప్రతి మజిలీలోనూ కథ అయ్యాక జ్ఞానవతి పోయినవారి పేరు గట్టిగా పిలుస్తుంది. ఆ ఇంటివాళ్లెవరైనా ముందుకొచ్చి "ఉన్నాం" అనాలి. పోయినవాడు ఉన్నాడని కాదు. ఆయన తాలూకు మేం ఉన్నామని. ఎవరూ లేనివాళ్లకు జ్ఞానవతే పలుకుతుంది.

అలా ఆమె పలికే పేర్లలో అప్పలరాముడిది మొదటిది. పుస్తకం మొత్తం మీద ఒక్క సాక్షితో చోటు సంపాదించుకున్న దెయ్యం అతనొక్కడే. ఆ ఒక్క సాక్షి ఆమె తండ్రి యేసురాజు.

యేసురాజు కాంట్రాక్టు కూలీగా సముద్రం దాటి వచ్చినవాడు. 1953 నవంబరులో, ఉత్తరపు అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలుగా గొలుసులు వేసి, లాంచీ వెనక కట్టి, చాథం కోత మిల్లుకు లాక్కొస్తున్నప్పుడు, హార్బరు మూతి దగ్గర గాలివాన పట్టుకుంది. గొలుసు తెగింది. తెప్ప మీద ఉన్నది ఇద్దరు: యేసురాజు, భీమిలి వైపు నుంచి వచ్చిన అప్పలరాముడు. ఇద్దరికీ ఒక్క గర్జన్ చెట్టు దుంగ చిక్కింది. యేసురాజుకు ఈత రాదు. "ఒగ్గకు రాజూ" అని, దుంగను వదలొద్దని అరిచి, అప్పలరాముడు తాను దాన్ని వదిలేశాడు. తెల్లారేసరికి ఆ దుంగ యేసురాజును తెచ్చి జంగ్లీఘాట్ రేవులో పడేసింది. అప్పలరాముడు మళ్లీ కనిపించలేదు.

ఆ మరుసటి ఏడాది నుంచి చనిపోయే ఏడాది దాకా యేసురాజు సమాధుల పండుగనాడు రేవు మెట్టు మీద కొబ్బరి చిప్పలో కొవ్వొత్తి వెలిగించేవాడు. సమాధి లేని మనిషికి రేవే సమాధి. గాలి లేచిన సాయంకాలాల్లో అక్కడ ఎవరో చెక్కను తట్టినట్టు టక్కు టక్కుమని వినిపిస్తుందని, అప్పలరాముడు తన దుంగ కోసం వెతుక్కుంటున్నాడని రేవులో వాడుక. ఆ చప్పుడుకు సాక్షులు కొల్లలు. అసలు సంగతికే కొరత.

ఈ కథ రాసుకున్న రోజున జ్ఞానవతి తండ్రిని కూడా వదల్లేదు.

"ఆయన కావాలనే వదిలాడని మీకెలా తెలుసు నాన్నగారూ? చెయ్యి జారి ఉండొచ్చు కదా? రెండో సాక్షి ఎవరు?"

యేసురాజు టీలో రొట్టె ముంచుకుంటూ, "దుంగ" అన్నాడు. "దాన్నడుగు."

హాస్యమాడుతున్నాడని ఆమె అనుకుంది. అయినా నియమం సడలించి కథను పుస్తకంలోకి ఎక్కించింది. తండ్రి మీది ప్రేమతో చేసిన ఆ ఒక్క సడలింపు ఆమెను ఏడేళ్లుగా చెప్పులో ఇసుక రేణువులా గుచ్చుతూనే ఉంది.

కిందటి నవంబరుకు యేసురాజు ఉన్నాడు. క్రిస్మస్‌కు లేడు.

*

బంగారురాజు కథ ఎప్పటిలాగే నవ్వులతో మొదలై నవ్వులతో ముగిసింది. ఆర్డరిచ్చిన కోటుకు ఒక చెయ్యి కుట్టి, రెండో చెయ్యి రేపు కుడతానని పడుకుని లేవని మనిషి ఆయన. సందెవేళ మిషను చప్పుడు వినబడుతుందని ఎదురింటివాళ్లూ పక్కింటివాళ్లూ వేరువేరుగా చెప్పారు. జ్ఞానవతి పేరు పిలవగానే రామలక్ష్మి కొంగు సర్దుకుని, "ఉన్నాం టీచరమ్మా. ఆ రెండో చెయ్యి నేనే కుట్టిచ్చేశాను, ఇంక ఆయన్ని పడుకోమనండి" అంది.

"దీదీ, జంగ్లీఘాట్‌లో భూత్ ఈసారి పక్కా వస్తుందా?" అని దారిలో ఒక పిల్ల అడిగింది.

జ్ఞానవతి కన్నా ముందు గణేశ్వరరావు అందుకున్నాడు. వెలిగించని పెట్రోమాక్సు లాంతరు ఆయన చేతిలో ఊగుతోంది. "అరే, భూతమూ లేదు గీతమూ లేదు. పాతికేళ్లు దుంగల మీద తిరిగినోణ్ణి. సముద్రంలో పడుకున్నాను, అడవిలో పడుకున్నాను. ఒక్కటంటే ఒక్కటి కూడా నాతో సలామ్ అనలేదు."

"నీ మొకం సూసి అవే పారిపోయుంటాయి మేస్త్రీ" అంది కాసులమ్మ.

వాళ్లు జంగ్లీఘాట్ చేరేసరికి అయిదు దాటింది. ఈ దీవుల్లో సూర్యుడు తూర్పువాళ్ల గడియారానికి లేస్తాడు, ఢిల్లీవాళ్ల గడియారానికి లొంగడు. నవంబరులో అయిదింటికే దిగిపోతాడు. రేవులో పడవలు బోర్లించి ఉన్నాయి. వలలు ఆరుతున్నాయి. నీళ్ల మీద ఇంకా కాస్త వెలుగుంది. గణేశ్వరరావు లాంతరు వెలిగించాడు. పిల్లలు మెట్ల మీద ఒకరినొకరు ఆనుకుని కూచున్నారు.

బోర్లించిన పడవ పక్కన, తలకు తువ్వాలు చుట్టుకున్న ముసలాయన ఒకడు మోకాళ్లు ముడుచుకుని ఉన్నాడు. రేవు మనిషి అనుకుని జ్ఞానవతి పట్టించుకోలేదు.

ఆమె కథ చెప్పింది. ఎన్నిసార్లు చెప్పినా 'ఒగ్గకు రాజూ' దగ్గర ఆమె గొంతు ఒక అంగుళం దిగుతుంది. ఈసారి మరికాస్త దిగింది.

"ఆ దుంగ మీద బతికి వచ్చిన మనిషి మా నాన్నగారు. ఏటా ఇక్కడ దీపం పెట్టేవారు. ఆయన కాలం చేసి పదకొండు నెలలైంది. ఈ ఏడు దీపం నేను పెడుతున్నాను" అంది.

పడవ పక్కన ముసలాయన తల ఎత్తాడు.

జ్ఞానవతి కొబ్బరి చిప్ప మెట్టు మీద పెట్టి, సముద్రం వైపు తిరిగి పిలిచింది. "అప్పలరాముడూ!"

ఎవరూ లేనివారికి తాను పలకవలసిన పలుకు ఇంకా ఆమె నాలుక మీదికి రాలేదు. వెనక నుంచి, బొంగురు గొంతుతో, ఎవరో అన్నారు:

"ఉన్నానమ్మా."

మొదట లాంతరు కింద పడింది. తరవాత గణేశ్వరరావు కనిపించలేదు. ఆరేసిన వలల్లో ఏదో పెద్ద చేప గిలగిల్లాడుతున్నట్టు మాత్రం కనిపించింది. పిల్లల్లో సగం మంది కేకలు పెట్టారు, సగం మంది పరమానందంతో మరింత దగ్గరికి జరిగారు. కాసులమ్మ పారిపోయే రకం కాదు. చేపలకు పట్టించే ఉప్పు ఆమె బుట్టలో ఎప్పుడూ ఉంటుంది. గుప్పెడు తీసి ముసలాయన మొహాన కొట్టింది.

"పో! నీ దుంగ ఇక్కడ నేదు! మిల్లోలు ఎప్పుడో కోసేసినారు! పో!"

"ఓలమ్మో... కళ్లమ్మా, కళ్లు!" ముసలాయన తువ్వాలుతో మొహం రుద్దుకున్నాడు. "మండిపోతన్నాయి, నీల్లు, నీల్లు!"

కాసులమ్మ రెండో గుప్పెడు గాల్లోనే ఆపింది. కాసేపు ఆయన్ని పరీక్షగా చూసింది.

"టీచరమ్మా, ఈడు దెయ్యం కాదు. ఉప్పుకి కళ్లు మండినాయంటే మడిసే" అని తీర్పు చెప్పి, చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన దోసిట్లో పోసింది.

*

టీ కొట్టు నుంచి గ్లాసులు వచ్చాయి. పిల్లల్ని ఇళ్లకు పొమ్మంటే ఒక్కరూ కదల్లేదు. వలల్లోంచి బయటపడిన గణేశ్వరరావు, లాంతరు గాజు పగల్లేదని పదే పదే అందరికీ చూపించాడు.

"లాంతరు జారింది. బస్, అంతే" అన్నాడు.

"అవును మేస్త్రీ. నువ్వూ జారినావు" అంది కాసులమ్మ.

ముసలాయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చెప్పాడు. మాయాబందర్ దగ్గర అటవీ శాఖ క్యాంపులో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాడు. అక్కడ ఆయన పేరు పెద్దబ్బాయి. అది ఇంట్లో తల్లి పిలిచిన పేరు. ఆనాడు తనను నీళ్లలోంచి పైకి లాగిన లాంచీవాళ్లు పేరడిగితే అదే చెప్పాడు. మనవరాలు అక్కడి తెలుగు బడిలో చదువుతోంది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి బదిలీ మీద వచ్చిన మాస్టారు ఒకాయన వానాకాలంలో పిల్లలకు దెయ్యాల కథలు చెప్పాడట.

"గుంట ఇంటికొచ్చి, తాతా, జంగ్లీగాట్‌ల అప్పలరాముడని దెయ్యం ఉందట, సెక్క మీద కొడతాదట అనింది. నాను అన్నం తింటన్నాను. ముద్ద దిగనేదు. మరింకేటి సెప్పినాడే మీ మాస్టరు అన్నాను. ఆడొగ్గేసిన మడిసి బతికే ఉన్నాడట, ఏటేటా దీపమెడతాడట అనింది." ఆయన ఒక గుటక తాగాడు. "ఇరవై రెండేళ్లు, తల్లీ. రాజు ఆ రాత్తిరే పోనాడనుకున్నాను. బతికున్నాడని అప్పుడు తెలిసినాది. మొన్నటికి గానీ ఓడలో టిక్కెట్టు దొరకనేదు. పొద్దుట దిగినాను. ఇక్కడ కూకుంటే దీపమెట్టడానికి ఆడే వస్తాడు గదా అని కూకున్నాను."

ఆయన జ్ఞానవతి వైపు తిరిగాడు.

"నువ్వొచ్చి, మా నాన్న పోనాడని సెప్పినావు. ఇంకెవుళికి సెప్పుకోను? నోట్లోంచి అదే వొచ్చేసినాది, ఉన్నానని."

జ్ఞానవతి ఆయన ఎదుట మెట్టు మీద కూర్చుంది. కృతజ్ఞత అన్న మాటకు చేతులూ కాళ్లూ తువ్వాలూ ఉంటాయని ఆమె ఎన్నడూ ఊహించలేదు. ఆయన పాదాలు ముట్టుకోవడానికి వంగబోయింది. ఆయన గబుక్కున కాళ్లు లోపలికి ముడుచుకున్నాడు.

"వొద్దు తల్లీ! అందుకే వచ్చినాను. అది నాది కాదు. ఆ కత కొట్టీసీ."

"ఏ కథ?"

"నాను మీ అయ్య కోసం ఒగ్గినానని సెప్తన్నావు సూడు, అది. అబద్దం." గ్లాసు కింద పెట్టాడు. "మెరుపులో సూసినాను. ఇరవై బారల దూరాన ఇంకో నాలుగు దుంగలు గొలుసుతోనే కొట్టుకుపోతన్నాయి. నాకు ఈతొచ్చు. రాజుకు రాదు. అల్లక్కడ ఉన్నాయిరా అని ఆడికి సెప్పనేదు. సెప్తే నా మెడట్టుకుంటాడని బయం. ఒగ్గకు అని అరిసింది అందుకే, నా ఎనకాల రాకుండా. నా పేనం కోసం ఒగ్గినాను తల్లీ. ఆణ్ణి ఒగ్గీసి ఎలిపోనాను. తెల్లారి నాంచీవోలు సూసినారు. ఆ పేరుతో మల్లీ బతకనేకపోనాను."

రేవులో నీళ్లు మెట్లను నాకుతున్న చప్పుడు వినిపించింది.

జ్ఞానవతికి మొదట కలిగింది దుఃఖం కాదు, సిగ్గు. నియమం తప్పినందుకు తగిన శాస్తి జరిగిందనిపించింది. వెంటనే దాన్ని తోసుకుని మరో మాట వచ్చి గుండెలో కూర్చుంది. ఇరవై ఒక్క కొవ్వొత్తులు. వానలో, జ్వరంలో, చివరి ఏడాది ఆమె భుజం పట్టుకుని మెట్లు దిగుతూ కూడా, నాన్నగారు వెలిగించిన ఇరవై ఒక్క కొవ్వొత్తులు ఒక పిరికివాడి కోసమా? ఆయన జీవితమంతా చెప్పుకున్న కృతజ్ఞత ఎవరికీ చెందనిదా?

అలవాటు ఆమెను ఆదుకుంది. పుస్తకం తెరిచి, కలం తీసి, ప్రశ్నలు వేసింది.

"దుంగ ఏ చెట్టుది?"

"గర్జను. తొక్క తీసినాం. జారుడు."

"మీరిద్దరూ దాన్ని ఎలా పట్టుకున్నారు?"

"నానొక పక్క, ఆడొక పక్క. రాజు మీదికెక్కాలని సూసేవోడు, అది తిరిగిపోయీది. ఇద్దరం మునిగీవోళ్లం. మల్లీ తేలీవోళ్లం."

"ఎంతసేపు?"

"ఏటి సెప్పను? నాలుగైదు మునకలు."

తండ్రి కూడా నాలుగైదు మునకలే అన్నాడు. గాలి దిక్కు కలిసింది. మెరుపు కలిసింది. అరిచిన మాట అక్షరం తేడా లేకుండా కలిసింది. కలవనిది ఒక్కటే, ఆ మాట వెనక ఉన్న మనసు. దానికి మూడో మనిషి సాక్ష్యం ఈ లోకంలో లేదు.

అప్పుడామెకు టీలో నానుతున్న రొట్టె ముక్క గుర్తొచ్చింది.

"మేస్త్రీ గారూ," అని ఆమె నెమ్మదిగా పిలిచింది, "తొక్క తీసిన గర్జన్ దుంగ మీద ఇద్దరు మనుషులుంటే, అందులో ఒకడికి ఈత రాకపోతే, ఏమవుతుంది?"

గణేశ్వరరావు మొహంలో ఆ సాయంకాలం మొదటిసారి తన పని తనకు దొరికిన వెలుగు కనిపించింది. "అది అడగాల్సిన మాటా టీచరమ్మా? తెప్పలోళ్లలో మొదటి పాఠమే అది. దుంగకి ఒక్కడు. గుండ్రంది కదా. ఒక్కడు బోర్లా పడుకుని కావిలించుకుంటే దారికొస్తుంది, పొద్దున్నదాకా మోస్తుంది. ఈత రానోడు ఎక్కాలని పెనుగులాడతాడు, తిరుగుతుంది. రెండోవాడు దిగనంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. ఇంకో నాలుగు మునకలు, చేతులు చచ్చిపోతాయి. ఇద్దరూ ఖతం. పక్కా."

"రెండోవాడు దిగిపోతే?"

"మొదటివాడు బతుకుతాడు."

"రెండోవాడు ఎందుకు దిగాడన్నది దుంగ అడుగుతుందా?"

గణేశ్వరరావు తెల్లబోయాడు. "దుంగకేం తెలుసు టీచరమ్మా? బరువు తగ్గిందా లేదా, బస్."

జ్ఞానవతి కలం మూత పెట్టింది. యేసురాజు ఆనాడు హాస్యమాడలేదు. ఆయన కూడా దుంగలవాడే. ఆ పాఠం ఆయనకు తెలుసు. చెయ్యి జారిందో, భయపడ్డాడో, ప్రేమించాడో అన్న ప్రశ్న ఆయన కూతురికన్నా చాలా ముందే తనను తాను వేసుకుని ఉంటాడు. ఈత రానివాడు దుంగను కావిలించుకుని గడిపిన రాత్రిలో ఆలోచించడానికి బోలెడంత వేళ ఉంటుంది. తెల్లారేసరికి దుంగ జవాబు చెప్పింది. ఆయన దాంతో సరిపెట్టుకోలేదు, తృప్తిపడ్డాడు. ఆ తేడా ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"అప్పలరాముడు గారూ," అంది, "దెయ్యాల పేజీలోంచి మీ పేరు కొట్టేస్తాను. అది న్యాయం. బతికున్నవాళ్లు ఆ పేజీలో ఉండకూడదు. మీరు భయపడి వదిలారని కూడా రాస్తాను, మీరు చెప్పారు కనుక. కృతజ్ఞత మాత్రం కొట్టేసే అధికారం నాకు లేదు. అది మా నాన్నగారిది. ఆయన అన్నీ తెలిసే పెట్టారు ఆ దీపం."

ముసలాయన సముద్రం వైపు తిరిగాడు. తరవాత చిన్న గొంతుతో, "సుకంగా ఉన్నాడా?" అని అడిగాడు. "తరవాత. బతికినన్నాల్లూ?"

అప్పుడు జ్ఞానవతి చెప్పింది. రెండేళ్లకు అమ్మనూ తననూ ఓడలో తెప్పించాడని. తనను మళ్లీ విశాఖ పంపి చదివించాడని. ఆస్టినాబాద్‌లో స్థలం తీసుకుని రెండు పనస మొక్కలు నాటాడని, అందులో ఒకటి కాస్తుందని, రెండోది కాయకపోయినా నరకనివ్వలేదని. గుడిలో కీర్తన ఎప్పుడూ ఒక చరణం ముందుగా అందుకుని అందరిచేతా తిట్లు తినేవాడని. ఈత ఎప్పటికీ నేర్చుకోలేదని. ఫెర్రీ ఎక్కితే అంచు కమ్మీని రెండు చేతులా కావిలించుకుని నిలబడేవాడని.

"ఒగ్గీవోడు కాదా?" అని అప్పలరాముడు అడిగాడు.

"రేవు తగిలేదాకా ఒగ్గేవారు కాదు."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలు కళ్లకు అద్దుకున్నాడు. ఈసారి అది ఉప్పు వల్ల కాదని కాసులమ్మకు కూడా తెలుసు, అయినా, "ఇంకా మండుతున్నాయేటి మావా?" అంది. ఆ పిలుపుతో ఆయన రేవు మనిషైపోయాడు.

"మరి మన దెయ్యం?" అని ఒక పిల్ల ఏడుపు మొహంతో అడిగింది. "దీదీ, ఇప్పుడు జంగ్లీఘాట్‌కి భూతమే లేదా?"

"నేదు గుంటా, అయిపోనాది" అంది కాసులమ్మ. "ఇదిగో, ముసలోడు దొరికినాడు. దీంతో సర్దుకో."

జ్ఞానవతి అగ్గిపెట్టె తీసింది. ఒక్క క్షణం ఆగి దాన్ని అప్పలరాముడి చేతికిచ్చింది.  మూడో పుల్లకు కొవ్వొత్తి అంటుకుంది. కొబ్బరి చిప్ప లోపలి వైపు పసుపుగా వెలిగింది. ఆమె లేచి నిలబడి, ఆ పొద్దున శ్మశానంలో కూడా నోట రాని పేరును, తన పుస్తకంలో కుడి పేజీ చివర నిన్న రాత్రి మొదటిసారి రాసిన పేరును, గట్టిగా పిలిచింది.

"యేసురాజూ!"

ఆ ఇంటి మనిషిగా పలకవలసింది ఆమె. పలికింది. ఆమెతో పాటే, ఒక అర క్షణం ముందుగా, కీర్తన తొందరపడి అందుకునేవాడిలా, అప్పలరాముడు కూడా అన్నాడు.

"ఉన్నాం."

*

ఆ తరవాత జ్ఞానవతి లాంతరు వెలుగులో విడి కాగితం మీద రాసింది. రాసిందాన్ని పైకి చదివి వినిపించింది.

'దుంగ ఒకటి. మనుషులు ఇద్దరు. అప్పలరాముడు భయపడి వదిలానని స్వయంగా చెప్పారు. ఆయన వదిలినందువల్ల యేసురాజు ఇరవై ఒక్క సంవత్సరాలు బతికారు. ఈ రెండూ నిజమే. మొదటి దానికి సాక్షి అప్పలరాముడు. రెండో దానికి సాక్షులు దుంగ, దాని తరఫున మేస్త్రీ గణేశ్వరరావు. యేసురాజు పెట్టిన దీపాలు అందవలసిన మనిషికి ఈనాడు అందాయి. ఆయన కుటుంబం అప్పలరాముడు గారికి రుణపడి ఉంది. వచ్చే ఏడాది ఈ మజిలీలో కథ అప్పలరాముడు గారే చెబుతారు.'

"నానా?" అన్నాడాయన బెదిరిపోయి.

"మరి? మీకన్నా తెలిసినవాళ్లెవరు?"

"బయపడ్డానని పిల్లల ముందు సెప్పాలా?"

"మేస్త్రీ గారు వలల్లో పడ్డది అందరూ చూశారు. ఆయన బతకడం లేదూ?"

గణేశ్వరరావు ముందుగా సంతకం చేశాడు, ఆ మాట మరింత సాగకముందే. కాసులమ్మ వేలిముద్ర వేసి, దాని కింద తాను ఉప్పు కొట్టిన సంగతి కూడా రాయమంది. జ్ఞానవతి రాసింది. అప్పలరాముడు కలం పట్టుకుని ఆగాడు.

"క్యాంపులో పెద్దబ్బాయి అని నేర్పినారు సంతకం. అప్పలరాముడని రాసి ఎన్నాల్లయిందో. ఏది పెట్టను తల్లీ?"

"రెండూ పెట్టండి. రెండు పేర్లతోనూ బతికారు."

ఆయన మొదట పెద్దబ్బాయి అని చకచకా రాశాడు. తరవాత, నీళ్లలో అడుగు ఆనుతుందో లేదో చూసుకునేవాడిలా, ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతూ, అప్పలరాముడు అని రాశాడు.

జ్ఞానవతి అందరి కిందా తన సంతకం చేసి, తేదీ వేసి, సిరా ఆరేదాకా ఊదింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పొద్దున శ్మశానానికి తెచ్చుకున్న తండ్రి కీర్తనల పుస్తకంలో ఉంచి, ఈశాన్యపు వాన తొలి చినుకులు పడుతుండగా ఆ పుస్తకాన్ని మైనపు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది.